తెర మీది బోర్డు, తెరకెక్కని చట్టం

అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రపు చిన్న ఊరు క్రిస్టల్ లేక్. 1930ల తొలినాళ్లలో అక్కడి బడిపిల్లలకు ఒక సినిమా చూపించి, చూడకముందు వాళ్ల మనసులో ఏముందో, చూశాక ఏం మారిందో కొలిచారు. మనోవైఖరులను అంకెల్లో కొలిచే పద్ధతిని రూపొందించిన షికాగో విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞుడు ఎల్.ఎల్. థర్‌స్టోన్, ఆయన సహపరిశోధకురాలు రూత్ పీటర్సన్ ఈ ప్రయోగం చేశారు. ఆరో తరగతి నుంచి పన్నెండో తరగతి దాకా 434 మంది పిల్లలు పాల్గొన్నారు. ఆ ఊళ్లో నల్లజాతి కుటుంబాలు లేనట్టే. చాలామంది పిల్లలకు నల్లజాతివారితో ముఖపరిచయమైనా లేదు. అందుకే ఆ ఊరిని ఎంచుకున్నారు. సొంత అనుభవం అడ్డురాని చోట సినిమా ఒక్కటే ఎంత పని చేస్తుందో చూడాలన్నది వారి ఉద్దేశం.

చూపించిన సినిమా డి.డబ్ల్యు. గ్రిఫిత్ 1915లో తీసిన ‘ది బర్త్ ఆఫ్ ఎ నేషన్’. బానిసత్వం రద్దయ్యాక దక్షిణాది రాష్ట్రాల్లో నల్లవాళ్లు ఓటుహక్కు పొందిన కాలాన్ని అది అరాచకంగా చూపింది. వాళ్లను మూర్ఖులుగా, కాముకులుగా చిత్రించి, క్లూ క్లక్స్ క్లాన్ అనే హంతక ముఠాను ఉద్ధారకులుగా నిలబెట్టింది. ఎప్పుడో అణగిపోయిన ఆ ముఠా, సినిమా విడుదలైన ఏడాదే జార్జియాలోని స్టోన్ మౌంటెన్ మీద మళ్లీ ప్రాణం పోసుకుంది. సినిమా చూసిన క్రిస్టల్ లేక్ పిల్లల్లో నల్లజాతి పట్ల వ్యతిరేకత స్పష్టంగా పెరిగింది. ఐదు నెలలు గడిచాక మళ్లీ కొలిచారు. కొంత తగ్గింది గాని, వచ్చిన మార్పులో సగానికి పైగా అలాగే ఉంది.

అదే పరిశోధన వరసలో మరో ఊరి పిల్లలకు చైనీయుల పట్ల సానుభూతి కలిగించే ‘సన్ ఆఫ్ ది గాడ్స్’ చూపిస్తే, వాళ్ల వైఖరి చైనీయులకు అనుకూలంగా జరిగింది. ఒక సినిమాతో పెద్దగా కదలని అభిప్రాయం, అదే అంశం మీద రెండు సినిమాలు చూపితే కదిలింది. 1933లో అచ్చయిన ఈ ఫలితాలు జాతి వివక్ష గురించి సినిమాతో బోధించదలచిన ఎవరికైనా ముందుగా తెలియాల్సినవి. సినిమా బోధిస్తుందా లేదా అన్న సందేహానికి తావు లేదు. అది ద్వేషాన్ని ఎంత సమర్థంగా నేర్పగలదో శాస్త్రం మొదట రుజువు చేసింది. అందుచేత, మంచి ఉద్దేశంతో తీసిన సినిమాను తరగతి గదిలోకి తెచ్చినప్పుడు కూడా పిల్లలు కదిలారా అని అడిగి ఊరుకుంటే చాలదు. కదిలి ఏం నమ్మారో అడగాలి.

ఈ కదలిక ఎలా కలుగుతుందో కొంతవరకు తెలిసింది. మెలనీ గ్రీన్, టిమొతీ బ్రాక్ 2000లో ప్రచురించిన ప్రయోగాల్లో, కథలో బాగా లీనమైన పాఠకుల నమ్మకాలు కథ మొగ్గిన వైపే మొగ్గాయి. కథలో పొసగని చోట్లు కూడా వారి కంటికి తక్కువగా ఆనాయి. మరో దారిలో, గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లోనే ఒక ప్రతిపాదన చేశాడు. రెండు వర్గాల మనుషులు సమాన హోదాలో, ఒకే లక్ష్యం కోసం కలిసి పనిచేస్తే పరస్పర దురభిప్రాయాలు తగ్గుతాయన్నాడు. థామస్ పెటిగ్రూ, లిండా ట్రాప్ 2006లో 515 అధ్యయనాలను కలిపి లెక్కగట్టి ఈ మాట మొత్తమ్మీద నిలుస్తుందని తేల్చారు. ఎదుటివారి గురించి సమాచారం పెరగడం కంటే, వారంటే బెరుకు తగ్గడం, వారి స్థానంలో తనను ఊహించుకోగలగడం ఎక్కువ పనిచేస్తాయని వారి తర్వాతి విశ్లేషణలో బయటపడింది. సినిమా బలం సరిగ్గా అక్కడే ఉంది. ఎన్నడూ కలవని కుటుంబపు వంటింట్లో అది మనల్ని రెండు గంటలు కూర్చోబెట్టగలదు.

అయితే కూర్చున్న ప్రతివాడూ ఒకే కథ చూడడు. 1971లో అమెరికా టీవీలో మొదలైన ‘ఆల్ ఇన్ ది ఫ్యామిలీ’ హాస్య ధారావాహికలో ఆర్చీ బంకర్ అనే జాత్యహంకారిని వెక్కిరించాలన్నది రచయితల ఆలోచన. నీల్ విడ్మర్, మిల్టన్ రోకీచ్ 1974లో ప్రచురించిన అధ్యయనంలో తేలిందేమంటే, దురభిప్రాయాలు బలంగా ఉన్న ప్రేక్షకులు ఆర్చీనే మెచ్చుకున్నారు, వాదనల్లో అతనే నెగ్గుతున్నాడనుకున్నారు. వ్యంగ్యం వారి దగ్గరికి చేరనే లేదు. రువాండాలో జాతి హత్యాకాండ తర్వాత, సఖ్యతను ప్రోత్సహించే రేడియో నాటకాన్ని ఏడాది పాటు వినిపించి ఎలిజబెత్ పాలక్ చేసిన పరిశోధన (2009) ఇంకో సంగతి చెప్పింది. శ్రోతల సొంత నమ్మకాలు పెద్దగా మారలేదు. తమ చుట్టూ ఉన్న సమాజంలో ఏది మర్యాద, ఏది కాదు అన్న అంచనా మారింది, ప్రవర్తన కూడా కొంత మారింది. నాకు ఇది ఆశాజనకమైన ఫలితంగానే తోస్తుంది. తరగతి గది అలాంటి సమాజమే. సినిమా అయ్యాక తోటి విద్యార్థి ఏమన్నాడన్నది, సినిమా ఏమన్నదన్నంత ముఖ్యం.

మన విషయానికి అన్నిటికంటే దగ్గరైన ప్రయోగం మాత్రం జ్ఞాపకశక్తి పరిశోధకులు చేసింది. సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఆండ్రూ బట్లర్, హెన్రీ రోడిగర్ తదితరులు చేసిన ఈ ప్రయోగం 2009లో అచ్చయింది. చారిత్రక అంశాల మీద కచ్చితమైన పాఠాలు చదివించారు. వాటికి సంబంధించిన ప్రజాదరణ పొందిన సినిమాల నుంచి ముక్కలు చూపించారు. ఆ ముక్కల్లో కొంత పాఠంతో ఏకీభవించేది, కొంత పాఠానికి విరుద్ధమైన కల్పన. వారం తర్వాత పిలిచి, పాఠంలో ఏముందో రాయమన్నారు. సినిమా పాఠంతో ఏకీభవించిన చోట జ్ఞాపకం బాగా మెరుగుపడింది. విభేదించిన చోట మాత్రం, తాము చదివిన నిజాన్ని వదిలి, తెర మీద చూసిన అబద్ధాన్నే పాఠంలోని మాటగా రాసినవారు చాలామంది.

ఉపాధ్యాయులకు పనికొచ్చే అసలు ఫలితం దీని తర్వాత వస్తుంది. కొందరికి సినిమా ముందు, ఇందులో చారిత్రక తప్పులుండవచ్చు జాగ్రత్త అని సాధారణ హెచ్చరిక చేశారు. దానివల్ల ఒరిగింది పెద్దగా లేదు. మరికొందరికి ఫలానా దృశ్యంలో ఫలానా సంగతి తప్పు, జరిగింది ఇది అని విడమరచి చెప్పారు. వారిలో తప్పు జ్ఞాపకాలు బాగా తగ్గాయి. మనం సాధారణంగా చేసేది మొదటి రకం. ‘సినిమా కదా, కొంత కల్పన ఉంటుంది’ అని ఒక మాట అనేసి దీపాలు ఆర్పుతాం. ఆ మాట మన మనస్సాక్షికి ఊరటే తప్ప పిల్లల జ్ఞాపకానికి రక్షణ కాదు.

ఫలానా దృశ్యం, ఫలానా తప్పు అన్నదానికి ‘హిడెన్ ఫిగర్స్’ (2016) కంటే మంచి ఉదాహరణ దొరకదు. వర్జీనియా రాష్ట్రం హ్యాంప్టన్‌లోని నాసా వారి లాంగ్లీ పరిశోధన కేంద్రంలో పనిచేసిన నల్లజాతి గణిత శాస్త్రవేత్తలు క్యాథరిన్ జాన్సన్, డొరొతీ వాన్, మేరీ జాక్సన్‌ల కథ అది. మార్గో లీ షెటర్లీ పుస్తకం ఆధారంగా తీశారు. మన తెలుగు పిల్లలకు కూడా చప్పున అందే కథ. లెక్కల్లో దిట్ట అయిన అమ్మాయి, రోదసి, గెలుపు. అందులో అందరికీ గుర్తుండే ఘట్టం ఒకటుంది. క్యాథరిన్ పనిచేసే భవనంలో నల్లవారికి టాయిలెట్ లేదు. చేతినిండా ఫైళ్లతో, ఎత్తుమడమల చెప్పులతో, వానలో తడుస్తూ అర మైలు అవతల ఉన్న భవనానికి రోజూ పరుగెత్తుతుంది. చివరికి ఆమె కడుపుమంట విన్న తెల్లజాతి పై అధికారి ఆవేశంగా వెళ్లి, ‘నల్లవారికి’ అన్న బోర్డును అందరూ చూస్తుండగా కొట్టి కింద పడేస్తాడు. థియేటర్లలో చప్పట్లు పడిన దృశ్యం.

అది జరగలేదు. ఆ అధికారి పలువురిని కలిపి అల్లిన పాత్ర. క్యాథరిన్ జాన్సన్ దగ్గర్లో ఉన్న తెల్లవారి టాయిలెట్‌నే, తలుపు మీద రాత లేదు గనుక, వాడుకునేది. తర్వాత ఎవరో అభ్యంతరం చెప్పినా పట్టించుకోలేదు. టాయిలెట్ ఎక్కడుందో అడిగి అవమానపడింది మేరీ జాక్సన్. చేత్తో లెక్కలు వేసే నల్లజాతి మహిళా గణకుల ప్రత్యేక విభాగం 1958లోనే రద్దయింది. సినిమా కథ నడిచేది 1961లో. పదవి కోసం డొరొతీ వాన్ తెర మీద 1961లో పోరాడుతుంటుంది. నిజానికి ఆమె 1949లోనే ఆ విభాగానికి అధిపతి అయింది.

తేదీల తేడా కంటే పెద్దది మరొకటి ఉంది. లాంగ్లీలో ఒక బోర్డు నిజంగానే తొలగిపోయింది. 1940లలో అక్కడి క్యాంటీన్‌లో వెనకాల ఒక బల్ల మీద ‘నల్లజాతి గణకులు’ అని రాసిన చిన్న అట్ట ఉండేది. మిరియం మాన్ అనే గణకురాలు ఒకరోజు దాన్ని తీసి తన చేతిసంచిలో వేసుకుంది. కొన్నాళ్లకు కొత్త అట్ట వచ్చింది. అదీ సంచిలోకే పోయింది. మళ్లీ వచ్చింది, మళ్లీ పోయింది. చివరికి యాజమాన్యమే విసిగి అట్ట పెట్టడం మానేసింది. ఉద్యోగం పోయే ప్రమాదాన్ని ఎరిగి, ఏ కేకా లేకుండా ఒక నల్లజాతి మహిళ చేసిన ఆ పనిని సినిమా కోపోద్రిక్తుడైన ఒక తెల్ల అధికారి చేతికి అప్పగించింది.

ఆ మార్పు వల్ల పిల్లలు నేర్చుకునేదేమిటి? విభజన అంటే ఒక తెలివితక్కువ బోర్డు, పరిష్కారం అంటే ఒక మంచి బాసు. ఇది కొద్దిగా తప్పు కాదు, తలకిందులు. అసలు ఆ స్త్రీలు లాంగ్లీ గడప ఎలా తొక్కారో చూస్తే తెలుస్తుంది. 1941లో కార్మిక నాయకుడు ఎ. ఫిలిప్ రాండాల్ఫ్ వేలాది నల్లజాతివారితో వాషింగ్టన్‌కు పాదయాత్ర చేస్తామని హెచ్చరించాడు. ఆ ఒత్తిడితో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ రక్షణ పరిశ్రమల్లో జాతి వివక్షను నిషేధిస్తూ 8802 నంబరు కార్యనిర్వాహక ఉత్తర్వు మీద సంతకం పెట్టాడు. యుద్ధకాలపు సిబ్బంది కొరత తోడై, 1943లో లాంగ్లీ నల్లజాతి మహిళలను గణకులుగా తీసుకుంది. రాష్ట్ర చట్టం మాత్రం వారిని విడిగా కూర్చోబెట్టింది. ఉద్యమం, ఉత్తర్వు, కొరత, చట్టం. ఈ నాలుగింటిలో కెమెరాకు సులువుగా చిక్కేది ఒక్కటీ లేదు.

సినిమాను మానేయమని నేననడం లేదు. నిజానికి ఆ పరుగు దృశ్యం, కల్పనైనా, ఏ పాఠ్యపుస్తకమూ చెప్పలేనిదాన్ని చెబుతుంది. విభజన ఒక మనిషి దినచర్యలోంచి ఎన్ని నిమిషాలు దొంగిలిస్తుందో పిల్లవాడి ఒంటికి తెలుస్తుంది. దాని పక్కనే మిరియం మాన్ కథనూ, 8802 ఉత్తర్వునూ పెడితే రెండూ బతుకుతాయి. సినిమా ఎందుకు మార్చింది, మార్చడం వల్ల ఎవరికి హాయి కలిగింది అని అడిగితే పదో తరగతి పిల్లలు ఆశ్చర్యపరిచే జవాబులు చెప్పగలరు.

ఈ జబ్బు ఒక్క సినిమాది కాదు. 1964లో మిసిసిపీలో ముగ్గురు పౌరహక్కుల కార్యకర్తలను చంపిన ఉదంతం మీద వచ్చిన ‘మిసిసిపీ బర్నింగ్’ (1988) ఎఫ్‌బీఐ అధికారులను నాయకులుగా నిలిపింది. అదే కాలంలో ఆ సంస్థ మార్టిన్ లూథర్ కింగ్ ఫోన్లు రహస్యంగా వింటోంది. దక్షిణాఫ్రికా విప్లవకారుడు స్టీవ్ బికో మీద తీసిన ‘క్రై ఫ్రీడమ్’ (1987)లో బికో నడిమధ్యలోనే చనిపోతాడు. మిగతా కథ అతని తెల్లజాతి మిత్రుడైన పత్రికా సంపాదకుడు దేశం విడిచి పారిపోవడం. అలబామాలో ఓటుహక్కు కోసం జరిగిన పాదయాత్రల మీద తీసిన ‘సెల్మా’ (2014) ఈ దారి తొక్కలేదు. అందులో ఉద్యమకారులే కథా కేంద్రం. కానీ కింగ్ ప్రసంగాల చిత్రీకరణ హక్కులు వేరే చోట ఉండటంతో దర్శకురాలు అవా డువర్నే ప్రసంగాలను తన మాటల్లో తిరగరాసుకోవలసి వచ్చింది. తెర మీద విన్నది కింగ్ మాట కాదని పిల్లలకు చెప్పి, అసలు ప్రసంగం రికార్డు వినిపించడానికి పది నిమిషాలు చాలు.

కెమెరాకు చిక్కని చట్టం ఎంత పని చేసిందో చూడాలంటే వర్జీనియాలోనే మరో ఊరికి వెళ్లాలి. ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీలోని ఫార్మ్‌విల్‌లో నల్లజాతి పిల్లల మోటన్ హైస్కూల్ కిక్కిరిసిపోయి, అదనపు తరగతులు తారు కాగితం కప్పిన షెడ్లలాంటి గదుల్లో నడిచేవి. 1951 ఏప్రిల్‌లో బార్బరా జాన్స్ అనే 16 ఏళ్ల విద్యార్థిని సమ్మె నడిపింది. ఆ సమ్మె కోర్టు కేసయింది. బడుల్లో జాతి విభజన రాజ్యాంగ విరుద్ధమని 1954లో అమెరికా సుప్రీంకోర్టు బ్రౌన్ తీర్పులో తేల్చిన ఐదు కేసుల్లో అదొకటి. సినిమా అయితే అక్కడ ముగుస్తుంది. జరిగింది వేరు. పిల్లలను కలిపి కూర్చోబెట్టడం ఇష్టంలేక 1959లో ఆ కౌంటీ తన ప్రభుత్వ బడులన్నిటినీ మూసేసింది. తెల్ల పిల్లలకు ప్రైవేటు బడి తెరిచారు, ఫీజులకు ప్రభుత్వ సొమ్ము సాయమందింది. నల్లజాతి పిల్లలకు ఏమీ లేదు. 1964లో సుప్రీంకోర్టు మళ్లీ జోక్యం చేసుకునేదాకా ఐదేళ్లు ప్రభుత్వ బడులు మూతపడే ఉన్నాయి, దాదాపు 1,700 మంది పిల్లల చదువు దెబ్బతింది. ‘హిడెన్ ఫిగర్స్’ కథ సాగే 1961లో, అదే రాష్ట్రంలో, ఈ బడుల తలుపులకు తాళాలున్నాయి.

ఇళ్ల సంగతీ అంతే. 1930లలో అమెరికా ప్రభుత్వ గృహరుణ సంస్థ నగరాల పటాలు గీయించి, అప్పివ్వడానికి ఏ పేట ఎంత ‘భద్రమో’ ఆకుపచ్చ, నీలం, పసుపు, ఎరుపు రంగులతో గుర్తించింది. నల్లవారు నివసించే పేటలు ఎర్రరంగులో పడ్డాయి. ఆ పటాలను రిచ్‌మండ్ విశ్వవిద్యాలయం డిజిటల్ రూపంలోకి మార్చి ఎవరైనా చూసేలా ఉంచింది. ఏ విలనూ లేని, కొరడా దెబ్బ వినబడని ఈ దృశ్యాన్ని సినిమా తీయడం కష్టం. పటాన్ని బల్ల మీద పరచి చూపించడం తేలిక.

డాక్యుమెంటరీలు ఈ పని కొంత మెరుగ్గా చేస్తాయి. హెన్రీ హ్యాంప్టన్ నిర్మించిన ‘ఐస్ ఆన్ ది ప్రైజ్’ (1987) సాధారణ ఉద్యమకారుల నోటితోనే పౌరహక్కుల చరిత్ర చెప్పించింది. అయితే అందులో వాడిన పాత వార్తాచిత్రాలకు, పాటలకు తీసుకున్న అనుమతుల గడువు తీరిపోవడంతో 1990ల నడిమి నుంచి ప్రసారమూ, అమ్మకమూ నిలిచిపోయాయి. నిధులు సమకూర్చి హక్కులు మళ్లీ కొన్నాక 2006లో గాని టీవీలో రాలేదు. చరిత్ర కూడా లైసెన్సు మీద నడుస్తుందన్నమాట. సినిమాకు సినిమాతోనే జవాబిచ్చే దారి కూడా ఉంది. నల్లజాతి దర్శకుడు ఆస్కార్ మిషో 1920లో తీసిన ‘వితిన్ అవర్ గేట్స్’ మూక హత్యలను బాధితుల వైపు నుంచి చూపింది. దశాబ్దాల పాటు పోయిందనుకున్న ఆ చిత్రం ప్రతి స్పెయిన్‌లో దొరికింది. గ్రిఫిత్ సినిమాలోంచి ఐదు నిమిషాలు చూపదలచినవారు దీన్నుంచి పది నిమిషాలు చూపాలి.

హింసను ఎంతవరకు చూపాలన్నది వేరే ప్రశ్న. 1955లో మిసిసిపీలో 14 ఏళ్ల ఎమెట్ టిల్‌ను చంపినప్పుడు, అతని తల్లి మేమీ శవపేటిక మూత తెరిచే ఉంచింది. ఛిద్రమైన ఆ ముఖాన్ని దేశం చూడాలని ఆమె కోరుకుంది. ‘జెట్’ పత్రిక ఆ ఫొటో వేసింది. అది ఒక తల్లి తీసుకున్న నిర్ణయం. 2022లో వచ్చిన ‘టిల్’ సినిమా దర్శకురాలు చినోన్యే చుక్వు ఆ బాలుణ్ని హింసించడాన్ని తెర మీద చూపకూడదని నిశ్చయించుకుంది. రెండు నిర్ణయాలూ సరైనవే. తరగతిలో చూపేటప్పుడు బాధితుల వర్గానికి చెందిన పిల్లలు ఆ గదిలో ఉన్నారన్న స్పృహ అన్నిటికంటే ముఖ్యం. దీపాలు వెలిగాక అందరి చూపులూ వారి మీదికి తిరగడం, ‘మీ వాళ్లకు ఇలా జరిగింది కదా’ అని వారినే సాక్షులుగా నిలబెట్టడం బోధన కాదు.

కింగ్ హత్య జరిగిన మర్నాడు, 1968 ఏప్రిల్‌లో, అయోవా రాష్ట్రపు ఉపాధ్యాయురాలు జేన్ ఎలియట్ తన మూడో తరగతి పిల్లలను కళ్ల రంగును బట్టి రెండు జట్లు చేసి, ఒక జట్టును తక్కువగా చూసింది. దానిమీద వచ్చిన ‘ది ఐ ఆఫ్ ది స్టార్మ్’ (1970) డాక్యుమెంటరీని చూసి, అదే ఆటను తమ తరగతిలో ఆడించాలని ఉబలాటపడేవారుంటారు. తర్వాతి అంచనాలు చెప్పేది, వైఖరుల్లో వచ్చే మార్పు స్వల్పం, పాల్గొన్నవారికి కలిగే ఒత్తిడి మాత్రం నిజం. చిత్రాన్ని చూపి చర్చించండి. ఆటను వదిలేయండి.

ఇదంతా పరాయి కథ అనుకోవడానికి తెలుగువారికి వీల్లేదు. 1860 నుంచి మద్రాసు రేవు మీదుగా దక్షిణాఫ్రికాలోని నటాల్ చెరకు తోటలకు కూలీలుగా వెళ్లినవారిలో తెలుగువారున్నారు. డర్బన్‌లో స్థిరపడిన వారి సంతతి, 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టం కింద తోటి భారతీయులతో పాటు జాతి ముద్ర వేయించుకుంది, ఇళ్లు ఖాళీ చేయించిన పేటలను చూసింది. ఇక అమెరికాలో తెలుగువారు లక్షల్లో స్థిరపడటానికి దారితీసిన 1965 వలస చట్టం, సెల్మా పాదయాత్రలు జరిగిన ఏడాదే, అదే పౌరహక్కుల ఒరవడిలో వచ్చింది. డల్లాస్‌లోనో ఎడిసన్‌లోనో బడిలో ‘సెల్మా’ చూసే తెలుగు పిల్లకు, తన తల్లిదండ్రుల వీసాకూ సెల్మా వంతెన మీద ఉద్యమకారులకు తగిలిన లాఠీ దెబ్బలకూ సంబంధం ఉందని ఇంట్లో ఎవరైనా చెబితే బాగుంటుంది.

గుంటూరులోనో వరంగల్లులోనో ఇవే సినిమాలు చూపిస్తే పిల్లలు కులం గురించి అడుగుతారు. అడగాలి కూడా. ఈ పోలిక కొత్తది కాదు. 1946లో అంబేద్కర్ నల్లజాతి మేధావి డుబోయిస్‌కు ఉత్తరం రాశాడు, ఆయన జవాబిచ్చాడు. అవా డువర్నే ‘ఆరిజిన్’ (2023)లో అంబేద్కర్ పాత్రే కనిపిస్తుంది. మన దగ్గర గూడవల్లి రామబ్రహ్మం ‘మాలపిల్ల’ 1938 నాటికే వచ్చింది. అయితే ఒక తేడాను మరవకూడదు. అమెరికా దక్షిణాదిలో విభజన చట్టంలోనే రాసి ఉండేది. చట్టం కాగితం చూపిస్తే అన్యాయం కనిపిస్తుంది. ఇక్కడ 1950 నుంచి రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని నిషేధించింది. ఒక్క చట్టమే చూపిస్తే అన్యాయం లేనట్టు కనిపిస్తుంది. కనుక మన తరగతిలో తెర పక్కన పెట్టాల్సిన కాగితం చట్టం ఒక్కటే కాదు, అది కోర్టులో నడిచిన దారి కూడా. 1991లో చుండూరులో దళితుల హత్యాకాండ జరిగింది. విచారణకు ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష పడింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలను కొట్టేసింది. ఈ నాలుగు వాక్యాలను నల్లబల్ల మీద రాసి, ఆ తర్వాత ‘మాలపిల్ల’ మొదటి రీలు వేయవచ్చు.